గర్భసంచి ఆపరేషన్: ఏది తీయాలి, ఏది ఉంచాలి, ఎవరు చెప్పాలి

(నందివాడలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మీద మాట్లాడడానికి వస్తామని మేము కబురు పంపినప్పుడు మగవారిని పిలవాలా వద్దా అని ఇక్కడ కొంత తర్జనభర్జన జరిగిందని విన్నాము. పిలవాలనే మేము పట్టుబట్టాము. స్త్రీ శరీరానికి సంబంధించిన మాటలు మగవారి ముందు మాట్లాడడం మనకు అలవాటు లేని మాట నిజమే. కాని ఆసుపత్రిలో కాగితం మీద సంతకం పెడుతున్నది చాలా ఇళ్ళలో వారే. సంతకం పెట్టడానికి అడ్డురాని సిగ్గు ఆ కాగితంలో ఏముందో తెలుసుకోవడానికి ఎందుకు అడ్డురావాలి?

మేము ఊరూరా తిరిగి ఆడవారి ఆసుపత్రి కాగితాలు చదివిపెట్టే పని చేస్తున్నాము. మేము వైద్యులము కాము. వైద్యుల మాట విని, అర్థం కానిది మళ్ళీ అడిగి, ఇంటికి వచ్చి తెలుగులోను, అవసరమైన చోట ఉర్దూలోను చెప్పేవారము మాత్రమే. ఈ పనిలో మాకు ఎదురైన ఒక ఇంటి సంగతితో మొదలుపెడతాము. ఊరు పేరు, మనుషుల పేర్లు చెప్పము. ఆమెను ఇక్కడ ఆపా అంటే చాలు.

ఆపాకు అప్పటికి 38 ఏళ్ళు. చేపల చెరువుల దగ్గర కూలి పని. భర్త కువైట్‌లో డ్రైవరు. నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగేది కాదు. ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పిన తర్వాత ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర ఇంజెక్షన్లు, ఆ తర్వాత బస్సెక్కి పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. స్కానింగ్ తీసి గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు, తీసేస్తే పీడ పోతుంది" అన్నారు. మరిది సంతకం పెట్టాడు. ఆపరేషన్ బాగానే జరిగింది, రక్తం ఆగింది, అందరూ సంతోషించారు.

ఎనిమిది నెలల తర్వాత మేము ఆ ఇంటికి వెళ్ళేసరికి ఆమె మనిషి మారిపోయి ఉంది. చలికాలంలో కూడా అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి, చెమటతో రవిక తడిసిపోయి లేచి కూర్చునేది. నిద్ర లేదు. ఊరకే ఏడుపు వస్తున్నదని, ఇంట్లో వాళ్ళు జిన్ను పట్టిందేమోనని అనుమానపడుతున్నారని చెప్పింది. వాకిట్లో కాలు జారి చెయ్యి ఆనించినందుకే మణికట్టు విరిగింది. డిశ్చార్జి కాగితం ఉందా అని అడిగాము. ఇనప్పెట్టెలో, రేషన్ కార్డుతోపాటు, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. అందులో ఇంగ్లీషులో రెండు ముక్కలు ఉన్నాయి. మొదటిది టి.ఎ.హెచ్. రెండవది బి.ఎస్.ఓ. మొదటి దానికి అర్థం, పొట్ట కోసి గర్భసంచిని దాని మూతితో సహా తీసివేశారని. రెండవ దానికి అర్థం, రెండు వైపులా గర్భనాళాలను, అండాశయాలను కూడా తీసివేశారని.

మేము చదివి చెప్పాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఒకటి తీశామన్నారు కదమ్మా. ఇన్ని తీశారా?"

ఈ రోజు మేము చెప్పదలచినదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. గర్భసంచి ఆపరేషన్ అని మనం ఒక్క మాటతో అనేస్తాము. కాని అందులో గర్భసంచి తీయాలా, అండాశయాలు తీయాలా, గర్భసంచి మూతి తీయాలా అని వేరువేరు నిర్ణయాలు ఉన్నాయి. ఒకదానికి ఒప్పుకున్నంత మాత్రాన మిగిలినవాటికి ఒప్పుకున్నట్టు కాదు. ఎవరి దేహమో ఆమెను ఒక్కొక్కటి విడిగా అడగాలి.

మొదటి నిర్ణయం గురించి ముందుగా కొన్ని మాటలు. గర్భసంచి తీయడంలో మన రాష్ట్రం దేశంలోనే ముందు వరుసలో ఉంది. 2015–16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.9 మంది. ఆ తర్వాతి సర్వేలోనూ దాదాపు అదే స్థితి. మన ఆడవారి గర్భసంచులకే అంత జబ్బు ఎందుకు వస్తున్నది? జబ్బు కంటే వేరే కారణాలు ఎక్కువ ఉన్నాయని ఉమ్మడి మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి ఈ సంగతిని బయటపెట్టిన డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి సూర్యప్రకాశ్ దంపతులు ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చారు. తెల్లబట్టకు, నడుము నొప్పికి, మందులతో తగ్గే రక్తస్రావానికి కూడా కత్తి పడుతున్నది. "ఉంచితే క్యాన్సర్ వస్తుంది" అన్న ఒక్క మాట చాలు, ఇల్లంతా హడలిపోయి అప్పు చేసైనా డబ్బు కట్టేస్తుంది.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలోని పేద స్త్రీల విషయమై మొదలైన ఆ కేసులో, కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలలలోగా అమలు చేయాలని ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో ఈ ఆపరేషన్లను పరిశీలించే కమిటీలు ఉండాలి. మన జిల్లాలో ఆ కమిటీ ఎప్పుడు కూర్చున్నదో, ఏం చూసిందో అడగవలసిన పని ఇక్కడున్న కార్యకర్తలది. ఒక దరఖాస్తు చాలు.

అయితే గర్భసంచి ఎప్పుడూ తీయకూడదని మేము చెప్పడం లేదు. క్యాన్సర్ ఉంటే తీయాలి. బాగా జారిపోయి కూర్చోలేని, నిలబడలేని స్థితిలో ఉన్నవారికి తీయవలసి రావచ్చు. పెద్ద గడ్డలతో రక్తం పోయి పోయి మనిషి పాలిపోయి, మందులు పని చేయనప్పుడు అది ప్రాణం నిలిపే ఆపరేషనే. కాని అంత దూరం వెళ్ళే ముందు మధ్యలో మెట్లున్నాయి. రక్తం తగ్గించే మాత్రలు ఉన్నాయి. గర్భసంచి లోపల అమర్చే, హార్మోను విడుదల చేసే సాధనం ఉంది. గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది. లోపలి పొర ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్ష ఉంది. నలభై దాటి ఎక్కువ రక్తస్రావం ఉన్నవారికి ఆ పరీక్ష చేయకుండానే ఆపరేషన్‌కు తేదీ వేస్తే, మరో డాక్టరు దగ్గరకు వెళ్ళి అడగడం తప్పు కాదు. హజ్‌కు వెళ్ళే ముందు నెలసరి గొడవ ఉండకూడదని ఆపరేషన్ ఆలోచన చేసిన ఒక కుటుంబాన్ని కూడా మేము చూశాము. కొద్ది వారాలు నెలసరిని వాయిదా వేయడానికి డాక్టరు సలహాతో వాడే మాత్రలు ఉన్నాయని వారికి ఎవరూ చెప్పలేదు.

ఇక అండాశయాల సంగతి. అసలు మాట ఇక్కడే ఉంది కనుక కాస్త నిదానంగా చెబుతాము.

గర్భసంచికి ఇరుపక్కలా బాదంపప్పంత ఉండే రెండు అవయవాలివి. ఇవి అండాలను విడుదల చేయడంతో ఊరుకోవు. స్త్రీ దేహానికి కావలసిన హార్మోన్లు ఇక్కడ తయారవుతాయి. ఎముకల బలం, గుండె రక్తనాళాల ఆరోగ్యం, నిద్ర, మనస్సు నిలకడ, దాంపత్య జీవితంలో సౌఖ్యం, వీటన్నిటి వెనుకా ఆ హార్మోన్లు ఉన్నాయి. ముట్లు ఆగిన తర్వాత కూడా అండాశయాలు పూర్తిగా నిద్రపోవు, కొంత హార్మోను తయారుచేస్తూనే ఉంటాయి. మన దేశంలో సహజంగా ముట్లు ఆగడం సగటున 46, 47 ఏళ్ళకు. అది నెమ్మదిగా, సంవత్సరాల తరబడి జరిగే మార్పు. 38 ఏళ్ళ మనిషికి రెండు అండాశయాలూ తీసివేస్తే ఆ మార్పు ఒక్క పగటిలో జరిగిపోతుంది. సాయంత్రం నెమ్మదిగా చీకటి పడడానికీ, మిట్టమధ్యాహ్నం దీపం ఆర్పినట్టు చీకటి కమ్మడానికీ ఉన్న తేడా అది. ఆపాకు పట్టినది జిన్ను కాదు.

అమెరికాలో నర్సుల ఆరోగ్యం మీద దశాబ్దాలుగా జరుగుతున్న ఒక పెద్ద అధ్యయనం ఉంది. అందులో గర్భసంచి తీయించుకున్న 29,380 మంది స్త్రీలను 24 ఏళ్ళు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. అండాశయాలు కూడా తీయించుకున్నవారిలో అండాశయ క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ తగ్గాయి. కాని గుండె జబ్బులు పెరిగాయి. మొత్తం మీద చూస్తే మరణాలు తగ్గలేదు, పెరిగాయి. "అవి కూడా తీసేస్తే క్యాన్సర్ భయం ఉండదు" అనే మాటలో సగం నిజం ఉన్నది, ఆ మిగిలిన సగం గుండె దగ్గర, ఎముకల దగ్గర బయటపడుతుంది. పైగా సాధారణ స్త్రీకి జీవితకాలం మొత్తంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి ఒకరి దాపున మాత్రమే. అందుచేత ముట్లు ఇంకా ఆగని స్త్రీకి, వంశంలో క్యాన్సర్ లేనప్పుడు, అండాశయాలు ఆరోగ్యంగా ఉన్నప్పుడు వాటిని ఉంచడమే మేలని నేటి వైద్యశాస్త్రం చెప్పే మాట. అండాశయ క్యాన్సర్లలో చాలా భాగం నిజానికి గర్భనాళాల చివర మొదలవుతుందని ఈమధ్య కాలంలో తెలిసింది. కనుక నాళాలను తీసి అండాశయాలను ఉంచే పద్ధతి ఇప్పుడు వచ్చింది. ఇది ఉందని తెలిస్తేనే కదా అడగగలం.

ఉంచితే ఏ ఇబ్బందీ ఉండదా అంటే, కొంత ఉంటుంది. గర్భసంచి తీసినప్పుడు రక్తప్రసరణ తగ్గి అండాశయాలు మామూలు కంటే రెండేళ్ళ దాకా ముందుగా అలసిపోవచ్చు. కొద్దిమందికి తర్వాత నీటి తిత్తులు వచ్చి మళ్ళీ ఆపరేషన్ అవసరం కావచ్చు.

అందరికీ ఒకే సమాధానం లేదని చెప్పడానికి మరొక తల్లి సంగతి చెప్పాలి. ఆమెకు 52 ఏళ్ళు, ముట్లు ఆగి రెండేళ్ళయింది. ఆమె తల్లి రొమ్ము క్యాన్సర్‌తో, పిన్ని అండాశయ క్యాన్సర్‌తో పోయారు. ఇలాంటి వంశాలలో కొన్నిటికి బి.ఆర్.సి.ఎ. అనే జన్యువులో లోపం ఉంటుంది. అది ఉన్నవారిలో అండాశయ క్యాన్సర్ అవకాశం నూటికి నలభై మంది దాకా పెరగవచ్చు. ఆమె డాక్టరుతో రెండు సార్లు మాట్లాడి, ఇంట్లో అమ్మాయిలతో ఆలోచించుకొని, అండాశయాలు కూడా తీయించుకున్నది. మేము ఆమె నిర్ణయాన్ని ఎంతో మెచ్చుకున్నాము. ఆపాకు, ఈమెకు తీసిన అవయవాలు ఒకటే. ఒకరికి తెలుసు, ఒకరికి తెలియదు. గర్భసంచి వెలుపల పొర పెరిగి భరించలేని నొప్పి పెట్టే ఎండోమెట్రియోసిస్ ముదిరినవారికి కూడా ఒక్కోసారి తీయవలసి వస్తుంది. అదీ మాట్లాడుకొని చేయవలసినదే.

ఇప్పటికే చిన్న వయస్సులో రెండూ తీయించుకున్నవారు ఈ సభలో ఉండవచ్చు. అయిపోయిందని దిగులుపడి కూర్చోకండి. 45 ఏళ్ళ లోపు వారికి సహజంగా ముట్లు ఆగే వయస్సు వరకు హార్మోను మందు ఇవ్వవచ్చు. ఎవరికి సరిపడుతుందో, ఎవరికి పనికిరాదో స్త్రీ వైద్యులు చెబుతారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి సాధారణంగా ఇవ్వరు. మందుల షాపులో అడిగి తెచ్చుకొని వేసుకోవలసిన మాత్రలు కావవి. ఎముకలకు కాల్షియం, డి విటమిన్, గుండెకు రక్తపోటు, షుగరు పరీక్షలు, ఇవి మనం వెంటనే చూసుకోగలిగినవి. చెరువు గట్ల మీద, వరి చేలలో నడుము వంచి పని చేసే స్త్రీకి ఎముక విరగడమంటే ఆ ఏడు కూలి పోవడమే.

మూడవది గర్భసంచి మూతి, వైద్యులు గర్భాశయ ముఖద్వారం అనేది. దీని విషయంలో మా అభిప్రాయం అండాశయాల విషయంలో ఉన్నంత గట్టిగా ఉండదు. దానిని ఉంచితే దాంపత్య సుఖం, మూత్రం మీద అదుపు చెడవని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. లండన్‌లో 279 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మూతి ఉంచి, మరొక జట్టుకు తీసి, 2002లో ఫలితాలు ప్రకటించారు. ఆ రెండు విషయాలలోనూ తేడా కనబడలేదు. ఉంచినవారిలో నూటికి ఏడుగురికి నెల నెలా కొద్దిగా రక్తం కనబడుతూనే ఉన్నది. ఆపరేషన్ త్వరగా ముగియడం, రక్తం తక్కువ పోవడం ఉంచడంలోని లాభాలు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమంటే, మూతి ఉన్నంతకాలం దానికి క్యాన్సర్ వచ్చే అవకాశమూ ఉంటుంది. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా స్త్రీలకు వస్తున్న క్యాన్సర్ అది. గర్భసంచి పోయింది కదా, ఇక ఆ క్యాన్సర్ మనకు రాదని అనుకొని పరీక్ష మానేస్తే ప్రమాదం. 30 నుంచి 65 ఏళ్ళ మధ్య స్త్రీలు అయిదేళ్ళకొకసారి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఆ పరీక్ష చేయించుకోవాలన్నది జాతీయ కార్యక్రమం. మనలో ఎంతమంది చేయించుకుంటున్నారు? చేతులెత్తమని అడగము, మాకు తెలుసు.

కనుక పరీక్షకు మళ్ళీ వెళ్ళే అలవాటు లేని చోట, మామూలుగా మూతిని కూడా తీయించుకోవడమే నయమని మాకు తోస్తుంది. ఇదివరకు మూతి పరీక్షలో లోపం కనబడినవారు ఉంచుకోవడం అసలు మంచిది కాదు. అయితే ఒక మినహాయింపు. రెండు మూడు సిజేరియన్లు అయినవారికి మూత్రసంచి గర్భసంచికి అతుక్కుపోయి ఉంటుంది. మూతిని విడదీయబోతే మూత్రసంచికి గాయమయ్యే ప్రమాదం ఉందని డాక్టరుకు తోస్తే ఉంచడమే క్షేమం. 2019–21 సర్వే నాటికి మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. రాబోయే రోజుల్లో ఈ ప్రశ్న మన కోడళ్ళకు, కూతుళ్ళకు చాలామందికి ఎదురవుతుంది. ఉంచితే ఉంచామని చెప్పాలి, పరీక్షలు మానవద్దని కాగితం మీద రాసివ్వాలి. జారిన గర్భసంచిని కింది దారిన తీసే ఆపరేషన్‌లో మాత్రం మూతి మామూలుగా దానితోపాటే వస్తుంది.

ఈ సందర్భంలోనే మమ్మల్ని ఆపాలు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలున్నాయి. గర్భసంచి తీశాక నమాజు, రోజా సంగతేమిటని. నెలసరి లేదు కనుక మానవలసిన రోజులూ లేవు. తలాఖ్ అయితే ఇద్దత్ ఎలా లెక్కపెట్టాలని. నెలసరి లేని స్త్రీకి మూడు నెలలని సూరా తలాఖ్ నాల్గవ ఆయత్‌లో ఉన్నది. భర్త చనిపోయినవారికి నాలుగు నెలల పది రోజులు, అందులో మార్పు లేదు. మూతిని ఉంచినవారికి నెల నెలా కొద్దిగా రక్తం కనబడితే దానిని ఏమనుకోవాలన్నది కొంచెం చిక్కు ప్రశ్న. ఆ రక్తం ఎక్కడినుంచి వస్తున్నదో డాక్టరు చెప్పాలి, ఆ మాట తీసుకువెళ్ళి ఆలిమ్‌ను అడగాలి. ఈ రెండు మాటల్లో ఒకదానిని ఊళ్ళో ఎవరో చెప్పగా విని సర్దుకోవద్దు. లేడీ డాక్టరు దొరకలేదని ఏడాదిపాటు రక్తం పోగొట్టుకోవడం కూడా ధర్మం కాదు, అవసరంలో వైద్యుడికి చూపించుకోవడానికి షరియత్‌లో అనుమతి ఉన్నది.

ఇప్పుడు సంతకం దగ్గరకు వద్దాము. సోదరులు ఈ భాగం శ్రద్ధగా వినాలి.

1995 మే నెలలో ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే 44 ఏళ్ళ అవివాహిత స్త్రీ, రక్తస్రావం ఆగడం లేదని ఒక డాక్టరు దగ్గరకు వెళ్ళారు. లోపల ఏముందో దుర్భిణితో చూసే పరీక్షకు ఆమె సంతకం పెట్టారు. మత్తులో ఉండగా డాక్టరు పరీక్ష చేసి, బయట కూర్చున్న ఆమె తల్లి చేత ఒప్పుకోలు తీసుకొని, గర్భసంచిని, నాళాలను, రెండు అండాశయాలను తీసివేశారు. మెలకువ వచ్చాక సంగతి తెలిసింది. ఆమె వినియోగదారుల జాతీయ కమిషన్‌కు వెళితే 2003లో ఫిర్యాదు కొట్టివేశారు. ఆమె అక్కడితో ఆగలేదు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు అనుమతి కాదు. తెలివిలో ఉండి నిర్ణయించుకోగల వయోజన స్త్రీ తరఫున తల్లి కూడా ఒప్పుకోలు ఇవ్వడానికి వీల్లేదు. వెంటనే చేయకపోతే ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప, ఆమె మెలకువ వచ్చేదాకా ఆగాలి. డాక్టరు మేలు కోరే చేశారని కోర్టు ఒప్పుకున్నది, అయినా మేలు కోరడం అనుమతికి బదులు కాదన్నది. ఆ ఆపరేషన్‌కు ఫీజు వసూలు చేయకూడదని, 25 వేల రూపాయలు పరిహారం ఇవ్వాలని తీర్పు. పదమూడేళ్ళ పోరాటానికి ఆ సొమ్ము ఎంత తక్కువో మాకు తెలుసు. కాని ఆ తీర్పులోని మాట ఈ దేశంలో ప్రతి స్త్రీకీ దక్కింది.

కన్నతల్లి ఒప్పుకోలే చెల్లనప్పుడు మరిది సంతకం ఎలా చెల్లుతుంది?

భర్త సంతకం గురించి ఒక వివరణ. పిల్లలు పుట్టే అవకాశం పోయే ఆపరేషన్‌కు భార్యాభర్తలిద్దరి అనుమతి తీసుకోవాలని మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళిలో ఉన్నది. కనుక ఆసుపత్రివారు భర్త సంతకం అడగవచ్చు. ఆ సంతకం భార్య సంతకంతోపాటు ఉండవలసినది, దాని స్థానంలో ఉండవలసినది కాదు. ఈ తేడాను మన ఇళ్ళలో మగవారే ముందుగా గుర్తించి, కౌంటర్ దగ్గర కాగితం చేతికిచ్చినప్పుడు "మా ఆవిడకు చదివి చెప్పండి, ఆమె పెట్టాక నేను పెడతాను" అనగలగాలి. డాక్టర్లు దీనికి కోపగించుకుంటారని భయపడేవారు ఉన్నారు. మేము చూసినంతలో మంచి డాక్టర్లు సంతోషిస్తారు.

మన పెద్దవాళ్ళలో అరబ్బీ అక్షరాలు వచ్చి, ఉర్దూ మాట్లాడుతూ, తెలుగు కాగితం చదవలేనివారు ఉన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాల్లో కూడా ఇంగ్లీషు కాగితం ఎవరికీ కొరుకుడుపడదు. చదువుకుంటున్న ఆడపిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు కదా. అమ్మతోపాటు ఆసుపత్రికి ఆ పిల్లను పంపండి. ఆమె అడగవలసినవి ఎన్నో లేవు. ఆపరేషన్ కాకుండా వేరే మార్గం ఉందా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, ఎందుకు? మూతి ఉంచుతారా, తీస్తారా? లోపల చూశాక అనుకోనిది కనబడితే ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు ముందే కాగితం మీదకు రావాలి. "అండాశయాలు ఆరోగ్యంగా ఉంటే ఉంచాలి, క్యాన్సర్ అనుమానం కనబడితే తీయవచ్చు" అని అనుమతి పత్రంలో రాయించుకొని దాని కింద ఆమె సంతకమో వేలిముద్రో వేస్తే, మత్తులో ఉన్న మనిషి కోసం బయట ఎవరూ ఆదరాబాదరాగా నిర్ణయించనక్కర్లేదు.

తీసిన అవయవాన్ని పరీక్షకు పంపారా అని అడిగి ఆ రిపోర్టు తీసుకోవాలి. ఆసుపత్రి రికార్డులు రోగి అడిగిన 72 గంటలలోగా ఇవ్వాలని, కనీసం మూడేళ్ళు భద్రపరచాలని ఆ 2002 నియమావళిలోనే ఉన్నది. కనుక రెండేళ్ళ కిందట ఆపరేషన్ అయినవారు కూడా ఇప్పుడు వెళ్ళి అడగవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో కాగితాలు తడిసి పాడైపోయినవారు నందివాడ మండలంలో చాలామంది ఉన్నారని మాకు తెలుసు. అలాంటివారు ఆపరేషన్ జరిగిన తేదీ, ఆసుపత్రి పేరు గుర్తుచేసుకొని చెబితే దరఖాస్తు మేము రాసిపెడతాము.

ఆపా ఇప్పుడు హార్మోను మందు వాడుతున్నది. మణికట్టు అతుక్కున్నది, నిద్ర పడుతున్నది. పోయినసారి వెళ్ళినప్పుడు తన తోటికోడలి స్కానింగ్ కాగితం చేతికిచ్చి చదవమన్నది. తోటికోడలికి 36 ఏళ్ళు, మూడు సెంటీమీటర్ల గడ్డ. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకొని వచ్చారు. ఆపా వెళ్ళి ఆ తేదీ వాయిదా వేయించి, గుడివాడ తీసుకువెళ్ళి వేరే డాక్టరుకు చూపించింది. మందులు మొదలుపెట్టారు, మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఇంకా చూడాలి.

జొహర్ నమాజుకు వేళవుతున్నది. నమాజు తర్వాత ఆడవారి వైపు వరండాలో మేము కూర్చుంటాము. డిశ్చార్జి కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు తెచ్చినవారు అక్కడికి రండి. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాము. కాగితం తేనివారు ఇంటికి పోయి తెచ్చుకోవడానికి అసర్ దాకా సమయం ఉన్నది.